బాల్కనీలో చెప్పులు

నాకు చప్పుడు పడదు. పెళ్ళి బ్యాండు వీధి మలుపు తిరగకముందే కిటికీలు మూసేసే మనిషిని. అందుకే సముద్రం మీద నాలుగు రోజులు తిప్పి తెచ్చే ఓడ ప్రయాణం కోసం హయత్‌నగర్‌లోని ట్రావెల్స్ ఆఫీసుకు వెళ్ళినప్పుడు నేను మొదట అడిగింది ఏ గదిలో చప్పుడు ఉండదని.

"కింది రూములు తీస్కోకు అక్కా, ఇంజను సప్పుడు మస్తుంటది. మీద బాల్కనీ రూము తీస్కో, నిమ్మళంగ ఉంటది," అన్నాడు ఆఫీసాయన.

మా ఆయన్ని అడిగితే "నీ ఇష్టం" అన్నాడు. ఆయనకు ఏ చీర చూపించినా, ఏ కూర అడిగినా అదే జవాబు. నేను పై గదే ఖాయం చేశాను.

మాది ఇబ్రహీంపట్నం పక్కన బోరు వ్యవసాయం. మోటారు నడుస్తుంటేనే మా ఆయనకు నిద్ర. చప్పుడు ఆగిందా, ఎంత గాఢనిద్రలో ఉన్నా లేచి కూర్చుంటాడు. కరెంటు పోయిందో, మోటారు కాలిందో అని పొలానికి పరుగు. ఒక ఎండాకాలం అలా ఆగిన చప్పుడు మళ్ళీ రాలేదు. బోరు ఎండి, పొట్టకొచ్చిన వరి మా కళ్ళముందే మాడిపోయింది.

చెన్నైలో ఓడ ఎక్కాం. గది నేను కోరుకున్నట్టే ఉంది. మెత్తటి తివాచీ, గాజు తలుపు, బయట చిన్న బాల్కనీ, అవతల నీళ్ళే నీళ్ళు. చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. నేను హాయిగా పడుకున్నాను. ఆయన మాత్రం మాటిమాటికీ బాల్కనీలోకి వెళ్ళి వస్తున్నాడు. మర్నాడు పొద్దున చూస్తే రెయిలింగు మీద సగం మనిషి వంగి కిందికి చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"ఏమయ్యా, సముద్రంల పడదామనుకున్నవా ఏంది? నీకు ఈత గూడ రాదు!"

"ఏం లేదే, జర సూస్తున్న," అని లోపలికి వచ్చాడు.

మధ్యాహ్నం భోజనానికి నన్ను ముందు వెళ్ళమన్నాడు, అంగీ మార్చుకుని వస్తానన్నాడు. డైనింగ్ హాల్లో ఎవరి బల్ల వాళ్ళకు ముందే కేటాయించారు. మా బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చున్నాను. ప్లేట్ల చప్పుడు, పాటల చప్పుడు, పక్కవాళ్ళ నవ్వులు. సూప్ తెచ్చి పెట్టారు, చల్లారిపోయింది. అన్నం, పప్పు వచ్చాయి. ఆయన ఇంకా రాలేదు. ఎవరితోనో ముచ్చట్లు పెట్టుకున్నాడనుకుని ముందు కోపం వచ్చింది. కానీ ఆయన ఆకలికి ఆగే మనిషి కాడు. ఆయన గ్లాసులో నీళ్ళు ఓడతో పాటు మెల్లగా ఇటూ అటూ కదులుతున్నాయి. వాటిని చూస్తుంటే పొద్దున ఆయన వంగిన తీరు గుర్తొచ్చింది. చెంచా అక్కడే పడేసి లేచాను.

గదిలో ఆయన లేడు. బాల్కనీ తలుపు బార్లా తెరిచి ఉంది, పరదా గాలికి కొట్టుకుంటోంది. రెయిలింగు పక్కన ఆయన చెప్పులు, రెండూ ఒద్దికగా విడిచి ఉన్నాయి.

చూడకుండా ఉండలేక కిందికి చూశాను. తెల్లటి నురగ, దాని కింద నల్లటి నీళ్ళు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆయన్ని ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. ఆ నీళ్ళ వైపు తిరిగి మొదటిసారి పేరుతో పిలిచాను.

వరండాలో గదులు ఊడ్చే అమ్మాయి కనిపిస్తే "మేరా ఆద్మీ, మేరా ఆద్మీ" అంటూ లాక్కొచ్చి చెప్పులు చూపించాను. ఆమె ముఖం పాలిపోయింది. ఎవరికో ఫోన్ చేసింది. యూనిఫాం వేసుకున్నవాళ్ళు వచ్చి ఆయన ఏం బట్టలు వేసుకున్నాడు, ఎప్పుడు చూశావు అని అడుగుతున్నారు. నా నోట చెప్పులనే మాట తప్ప ఇంకోటి రావడం లేదు. నన్ను మంచం మీద కూర్చోబెట్టి వెతకడానికి పోయారు. నేను ఏరికోరి తీసుకున్న ఆ నిశ్శబ్దం నన్ను భయపెట్టినంతగా ఏ చప్పుడూ ఎన్నడూ భయపెట్టలేదు. ఇంటికి ఒక్కదాన్నే పోయి ఏమని చెప్పాలి?

కాసేపటికి ఆ యూనిఫాం వాళ్ళలో ఒకతను వచ్చి దొరికాడన్నాడు. ఎలా దొరికాడో అడిగే ధైర్యం లేక అతని వెనకే లిఫ్టు ఎక్కాను. కిందికి దిగే కొద్దీ ఒక మోత మొదలై అరికాళ్ళకు తగులుతోంది. అన్నిటికంటే కింద ఉన్న గదుల వరండాలో, గోడకు వీపు ఆనించి, వట్టికాళ్ళతో, నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు మా ఆయన. గోడంతా గుయ్యిమంటోంది.

భుజం మీద ఒక్కటిచ్చి, అక్కడే కూలబడి ఏడ్చాను.

"ఏడికి పోయినవయ్యా? నా పానం పోయింది!"

ఉలిక్కిపడి లేచి కళ్ళు నులుముకున్నాడు. "మోటర్ నడుస్తుందా లేదా సూద్దామని వచ్చిన. మన రూముల సప్పుడే లేదు. ఆగిపోయిందేమో, మునుగుతమేమో అని నిన్నటి సంది ఒకటే భయం. బాల్కనీలకెళ్ళి వంగి సూసినా ఇనవడ్తలేదు. ఈడ ఇనంగనే నిద్ర పట్టింది."

"మరి చెప్పులు?"

"గంత మంచి తివాచీ మీద చెప్పులతోని ఎట్ల నడుస్తరే? బయట ఇడిసిన."

ఇంట్లో గడప బయట విడిచినట్టే విడిచాడు. ఆయన లెక్కన బాల్కనీయే బయట.

"భయమైతుందని నాతోని చెప్పొద్దా?"

"నీకు సప్పుడు పడదంటివి గదా."

ఆ సాయంత్రమే ఓడవాళ్ళను బతిమాలి కింద ఖాళీగా ఉన్న కిటికీలేని గదికి మారాం. ఆయన గురక పెట్టి నిద్రపోయాడు. నేను చెవుల్లో దూది పెట్టుకుని, ఓడ దిగేదాకా ప్రతి రాత్రీ ఆయన చెయ్యి వదలకుండా పడుకున్నాను.

ఇంటికి వచ్చాక అందరికీ ఇది నవ్వుతూనే చెబుతాను. కానీ బజారు నుంచి వచ్చి గడప ముందు ఆయన చెప్పులు చూస్తే మాత్రం, లోపలికి పోయి మనిషిని కళ్ళారా చూసుకునేదాకా చేతిలో సంచి కింద పెట్టను.