ఆ ఫోనుకు కఫీల్‌ని నేనే

కొన్నేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. పెద్దదేం కాదు. విన్నవాళ్ళు నవ్వుతారు కూడా. నేనూ చాలాసార్లు నవ్వుకున్నాను, అయినా దించుకోలేకపోయాను. చెప్పాల్సిన మనిషి నా భర్త. ఆయన పోయిన చలికాలంలో గుండె ఆగి చనిపోయారు. మీరు ఆయన్ని ఎరగరు. అందుకే మీతో చెప్పడం నాకు సులువు.

మాది గోదావరి వైపు. ఆయన దోహాలో, వెస్ట్ బేలోని ఒక ఆఫీసులో పనిచేసేవారు. నేను ఇప్పటికీ ఇక్కడే ఒక బడి లైబ్రరీ చూసుకుంటున్నాను. ఆయనకు పాటంటే ఇష్టం, పకోడీ అంటే ఇష్టం. ఒక సాయంత్రం ఆ రెండూ కలిశాయి. మా ఊరి చర్చిలో పాటలు నేర్పే దావీదు మాస్టారితో ఫోనులో కీర్తన అందుకుని, చెయ్యి ఊపుతూ, ఫోనును శనగపిండి గిన్నెలో పడేశారు. పిండి కడిగి సిమ్‌లు రెండూ బయటికి తీశాం. ఫోను మాత్రం మళ్ళీ లేవలేదు.

కొత్తది కొనడానికి వెళ్ళాం. ప్లాన్‌తో తీసుకుంటే చవక, కానీ అది లాక్ ఫోను. కాంట్రాక్టు తీరేదాకా ఆ ఒక్క కంపెనీ సిమ్మే పనిచేస్తుంది. విడిగా కొంటే ఏ సిమ్ అయినా వేసుకోవచ్చు. చిన్న అక్షరాలు చదవడం నా పని. "నువ్వే చూసి తీసుకో" అని ఆయన జ్యూస్ తాగడానికి వెళ్ళిపోయారు. నేను లాక్ లేనిదే తీసుకున్నాను. ఆయన ఊరి నంబరు కూడా వేసుకోవాలి కదా అనే తీసుకున్నాను. అప్పటికి నా మనసులో మరో ఆలోచన లేదు. ఈ మాట మీరు నమ్మాలి.

ఇంటికొచ్చి ఇక్కడి సిమ్ వేశాను. ఆ సాయంత్రం ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో! ఊరి నంబరు ఉన్నప్పుడు రోజూ అన్నం వేళకే మోగేది. మాస్టారు, ఆయన వెనక సగం ఊరు. ఆ వేళ మాత్రం నేను ఒక పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం ఏకబిగిన చదివాను. "ఊరి సిమ్ కూడా వెయ్యవే" అన్నారాయన. తల ఎత్తకుండానే "ఇది లాక్ ఫోనండీ, తీసుకోదు" అన్నాను.

ఎందుకన్నాను? ఒక్క సాయంత్రం కోసం అనుకున్నాను. మర్నాడు సరిదిద్దుకోవచ్చు కదా? మర్నాడు రెండో అధ్యాయం ఉంది.

ఆయన అనుమానించలేదు. పైగా ఆ లాక్‌కు తనకు తోచిన అర్థం చెప్పుకుని దోహా అంతా ప్రచారం చేశారు. ఒక శుక్రవారం రాజన్న భోజనానికి వచ్చాడు. ఆయన కంపెనీలోనే సైటు ఫోర్‌మన్, జగిత్యాల మనిషి.

"ఏందన్నా, ఊరి నంబర్ కొడితే కలుస్తలేదు?"

"లాక్ ఫోను రాజన్నా. దీనికీ మనలాగే కఫీల్ ఉన్నాడు. ఆయన ఎన్ఓసీ ఇస్తేనే ఇంకో సిమ్ దగ్గరికి వెళ్తుంది."

కఫీల్ అంటే మనల్ని ఇక్కడికి పిలిపించిన యజమాని. ఒకప్పుడు ఆయన ఒప్పుకుని ఎన్ఓసీ కాగితం ఇవ్వనిదే మరో కంపెనీకి మారే వీలుండేది కాదు. రాజన్న పగలబడి నవ్వాడు.

"వారీ! మనకు పోయింది గని ఫోన్లకు పట్టుకున్నదా ఆ బాధ? ఇటియ్యి, నా సిమ్ ఏసి చూస్త."

"ముందు తినండి రాజన్నా, బిర్యానీ చల్లారిపోతుంది" అన్నాను. గొంతు కాస్త పెద్దదైంది.

అతను నన్నొకసారి చూసి ఫోను కింద పెట్టేశాడు. తర్వాత పెరుగు కోసమని వంటింట్లోకి వచ్చి మెల్లగా అన్నాడు.

"వదినా, కఫీల్ ఎవలో నాకు సమజైంది."

"చెప్పేస్తారా?"

"నాకేం పని? గని పాపం అన్నకు ఎన్ఓసీ ఎప్పుడిస్తవ్?"

"చూద్దాం" అన్నాను. ఇద్దరం నవ్వాపుకోలేక పెరుగు ఒలకబోశాం.

లేని కాంట్రాక్టు గడువు తీరిందనుకుని, లాక్ తీశారేమో కనుక్కోమన్నారాయన. ఇంకా తీయలేదన్నాను. రెండో అబద్ధానికి నవ్వు రాలేదు. ఇక్కడి నంబరు నుంచి మాస్టారికి అప్పుడప్పుడూ చేసేవారు. కానీ పాట అప్పుడప్పుడూ అంటే రాదు. మాస్టారిది కింది గొంతు, ఈయనది పై గొంతు. కింది గొంతు లేక ఈయన గిన్నెలు తోముతూ కూనిరాగాల్లో పడ్డారు. తర్వాత గిన్నెలు మాత్రమే తోమేవారు. నేను చదువుకుంటూనే ఉన్నాను.

సెలవుకు ఊరెళ్ళినప్పుడు పాట ఎత్తుకోబోయి ఈయనకు పైస్థాయి అందలేదు. "ఏరా, ఫోనుతోపాటు గొంతుకీ లాక్ వేయించుకొచ్చావా?" అన్నారు మాస్టారు. చర్చి మెట్ల మీద అందరూ నవ్వారు. ఈయన అందరికంటే గట్టిగా నవ్వారు. పక్కనే నిలబడి నేనూ నవ్వాను. చెప్పడానికి అంతకంటే మంచి చోటు, మంచి సమయం ఏముంటుంది? ఒక్క మాట చాలు. ఆయన తిట్టేవారు కాదు. ఊరంతటికీ కథలా చెప్పుకుని ఏడాది పాటు నన్ను ఏడిపించేవారు. ఆ ఏడాదిని కూడా నేనే లేకుండా చేశాను.

ఆయన క్షమించి ఉండేవారని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన క్షమించినట్టు కాదు. అడగనే లేదు కదా.

ఆ ఫోనుకు ఏనాడూ లాక్ లేదు. ఈ వాక్యం రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. రాశాక ఏమీ జరగలేదు. ఆకలి మాత్రం వేసింది. చాలా రోజులకు నిజంగా వేసింది. లేచి అన్నం పెట్టుకుంటాను.