పెదనాన్న కార్డు

శుభలేఖ ఆట తయారుచేసింది నేనే. జరిగినదానికి ఎవరినైనా తిట్టుకుందామంటే ఆ ఒక్క ముక్క అడ్డం వస్తుంది.

కాకినాడలో మా ఆఫీసు పని గ్యాస్ ప్లాంట్లకు మరమ్మతు సూచనల పుస్తకాలు రాసిపెట్టడం. ఒక్కో పుస్తకాన్ని నలుగురం దిద్దేవాళ్లం. ఎవరి కాపీ వాళ్ల కంప్యూటర్లో: ఫైనల్, ఫైనల్ టూ, అసలు ఫైనల్. ఆ గోల పడలేక యాజమాన్యం వెర్షన్ కంట్రోల్ అనే కంప్యూటర్ పద్ధతి తెచ్చిపెట్టింది. ఏ వాక్యం ఎవరు ఎప్పుడు మార్చారో పేరుతో సహా దాచిపెడుతుంది అది. ఒకే వాక్యాన్ని ఇద్దరు రెండు రకాలుగా మారిస్తే, రెండూ చూపించి, ఏది ఉంచాలో చెప్పమంటుంది. మూడు నెలల్లో నేర్చుకోనివాళ్లు ఇంటికి పోవచ్చన్నారు. నేర్పే పని నా నెత్తిన పడింది.

అందరికన్నా ఎక్కువ హడలిపోయింది ఇరవై ఏళ్లుగా అక్కడ టైపు చేస్తున్న ఆవిడ. ఇల్లు ఆ జీతం మీదే నడుస్తోంది. ఆవిడను దృష్టిలో పెట్టుకునే అట్టముక్కలు కత్తిరించి ఆట కట్టాను. ఇద్దరు కలిసి ఒక పెళ్లి శుభలేఖ రాయాలి. ముహూర్తం ఒకరు ఒకటి రాస్తారు, ఇంకొకరు ఇంకొకటి. ఆ తగువు తీర్చాలి. సరదాకి పెదనాన్న కార్డు ఒకటి పెట్టాను. అది పడితే ఇంటి పెద్దాయన రాసిందే ఖాయం, తనది కొట్టేసి అది ఉంచినవాళ్లకు పది పాయింట్లు. మన ఇళ్లలో శుభలేఖల దగ్గర జరిగేది అదేగా! అందరూ పడీపడీ నవ్వారు. ఆవిడ వరసగా మూడు ఆటలు గెలిచింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండు నెలల తర్వాత ఒక కంప్రెసర్ పుస్తకం వచ్చింది. మూత విప్పేముందు ఏ వాల్వు కట్టెయ్యాలో ఆవిడ ప్లాంటు కాగితాలన్నీ తిరగేసి సరిగ్గా దిద్దింది. అదే వాక్యాన్ని మేనేజరు గారు జ్ఞాపకం మీద మార్చారు, తప్పుగా. కంప్యూటరు రెండూ చూపించి ఆవిడను అడిగింది. ఆవిడ తనది తీసేసి ఆయనది ఉంచింది.

అచ్చుకి వెళ్లకముందే ప్లాంటువాళ్లు ఆ తప్పు పట్టుకున్నారు కాబట్టి ఎవరి ప్రాణం మీదికీ రాలేదు. కానీ ఎవరో ఒకరు బలి కావాలి కదా. మార్పుల చరిత్ర ప్రింటు తీసుకురమ్మని మేనేజరు గారు నన్ను పిలిచారు. అన్నిటికన్నా పైన చివరి మార్పు, ఆయన వాక్యమే ఉంచినట్టు, ఆవిడ పేరుతో. దాని కింద ఆయన తప్పు. దాని కింద ఆవిడ రాసిన సరైన వాక్యం. కింద కూడా చూడాలండి అన్నాను. అంతవరకే నా ధైర్యం.

"పై పేజీ చాలయ్యా," అన్నారాయన.

ఒక్క పేజీయే తీశాను. నాకూ ఉద్యోగం కావాలి. ఎవరూ ఎవరి తప్పూ మోయక్కర్లేదని ఈ పద్ధతి గురించి ఆఫీసంతా ఉపన్యాసాలిచ్చిన పెద్దమనిషిని నేను.

సాయంత్రానికి ఆవిడను ఉద్యోగంలోంచి తీసేశారు. టిఫిన్ బాక్సూ గొడుగూ సంచిలో సర్దుకుని నా బల్ల దగ్గర ఆగింది. కోపం లేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"నేను చేసిన తప్పేంటో చెప్పండి బాబూ. పెద్దాయన రాసింది ఉంచాను. మీ ఆటలో అలాగే కదండీ, పది పాయింట్లు ఇచ్చారు?"

ఆ సంచి ఆటోదాకా మోశాను. అంతకుమించి నాకు చేతకాలేదు.