ఇరవై నిమిషాలు చూసిన మ్యాచ్

నేను ఫుట్‌బాల్ ఆడినవాణ్ణి కాను. చిన్నప్పుడు అందరిలాగే క్రికెట్, అదీ ముళ్ళకంపల్లో పడ్డ బంతి వెతకడానికి పంపే రకం. అమెరికా వచ్చాక, డల్లాస్ పక్కనున్న కాపెల్‌లో మా అమ్మాయి సాకర్ టీమ్‌కి (ఇక్కడ ఫుట్‌బాల్‌ని అలాగే అంటారు) కోచ్ దొరకలేదు. పేరెంట్స్ మీటింగ్‌లో ఆ సంగతి రాగానే అందరూ తలలు వంచుకుని ఫోన్లు చూసుకోసాగారు. తల ఎత్తి కూర్చున్నది నేనొక్కణ్ణే. అలా కోచ్‌నయ్యాను. నాలుగేళ్ళుగా, ముందురోజు యూట్యూబ్‌లో నేర్చుకున్నది మర్నాడు ఆడపిల్లలకు నేర్పుతున్నాను. అరుపులు మాత్రం నా సొంతం.

మా క్లబ్‌లో ఒక సీనియర్ కోచ్ ఉన్నాడు. స్కూల్లో పీటీ మాస్టర్‌గా రిటైరైన అమెరికన్. ఏటా ఇద్దరు ముగ్గురు కోచ్‌లను వెంటబెట్టుకుని జర్మనీ వెళ్ళి పెద్ద మ్యాచ్‌లు చూసొస్తాడు. "టీవీ బంతినే చూపిస్తుంది. బంతి లేనివాళ్ళు ఏం చేస్తున్నారో స్టేడియంలోనే కనిపిస్తుంది, నువ్వూ రా" అన్నాడు. నా టీమ్‌లో బంతి లేనివాళ్ళు జడలు అల్లుకుంటుంటారు. కాబట్టి వెళ్ళాలనే అనుకున్నాను.

అనుకున్నానే గాని ఆ రోజు నుంచి ఒకటే గుబులు. నేను H-1B అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవాణ్ణి. అమెరికా నుంచి బయటికి వెళ్ళడానికి ఎవరూ ఏమీ అడగరు. తిరిగి రావడానికే అన్నీ అడుగుతారు. పాస్‌పోర్ట్ కిందటేడు మార్చుకున్నాను. జర్మనీ వీసా కొత్తదాంట్లో పడింది, అమెరికా వీసా మాత్రం పాతదాంట్లోనే ఉండిపోయింది. మావాళ్ళందరూ చేసినట్టే రెండు పాస్‌పోర్ట్‌లనూ కలిపి రబ్బరు బ్యాండ్ వేసి దాచుకున్నాను. కొత్తది ఒక్కటే చూపిస్తే మళ్ళీ అమెరికా లోపలికి రానివ్వరు.

మిగతా కోచ్‌లు బూట్లు, స్వెటర్లు సర్దుకుంటుంటే నేను ఫైలు సర్దుకున్నాను. వీసా అప్రూవల్ నోటీసు, ఆర్నెల్ల జీతం పే స్టబ్‌లు, కంపెనీ లెటర్, డిగ్రీ సర్టిఫికెట్లు, చివరికి మ్యారేజ్ సర్టిఫికెట్ కూడా. "అదెందుకండీ, అక్కడేమన్నా రెండో పెళ్ళా?" అంది మా ఆవిడ. నాకు నవ్వు రాలేదు. ఎక్కడైనా పోతే ఎలా అని, బయల్దేరే రోజు ప్రతి కాగితానికీ కలర్ కాపీ తీశాను. రెండు పాస్‌పోర్ట్‌లకు కూడా పేజీ పేజీకీ తీశాను.

శనివారం మధ్యాహ్నం స్టేడియంలో కూర్చున్నాం. జనం పాడుతున్నారు, కాళ్ళ కింద సిమెంటు అదురుతోంది. సీనియర్ కోచ్ చెప్పింది నిజమే. బంతి ఒక మూల ఉంటే, ఇంకో మూల ఒక డిఫెండర్ రెండడుగులు వెనక్కి, ఒకడుగు పక్కకు జరుగుతూనే ఉన్నాడు. ఒక్క క్షణం నిలబడడు. మా పిల్లలకు ఇది చెప్పాలని నోట్‌బుక్ తీసి బొమ్మ గీస్తున్నాను. ఆట మొదలై ఇరవై నిమిషాలైంది. అప్పుడు ఫోన్ మోగింది.

మా ఆవిడ ఫొటో పంపింది. ప్రింటర్ మూత తెరిచి ఉంది, అద్దం మీద నా పాత పాస్‌పోర్ట్ బోర్లా పడుకుని ఉంది. కింద మెసేజ్: "పాప హోంవర్క్ కాపీ తీద్దామని తెరిస్తే ఇది కనపడింది. ఇది ఇక్కడుందేంటండీ?"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. అన్నీ తెచ్చుకున్నాను. పెళ్ళి కాగితం తెచ్చుకున్నాను. ఆ వీసాకి కలర్ కాపీ కూడా నా బ్యాగులో ఉంది, అసలుది తప్ప. నా మీద నాకే అరికాలి మంట నెత్తికెక్కింది. చుట్టూ జనం ఒక్కసారిగా లేచి అరిచారు, సీనియర్ కోచ్ నా భుజం పట్టి ఊపాడు. గోల్ పడి ఉండాలి. నేను బయట మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ చేశాను.

"ఇవాళే కొరియర్ వేసేస్తా, మీరు కంగారుపడకండి" అంది మా ఆవిడ. ఆమె గొంతులోనూ కంగారే.

పక్కనుంచి మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. "నాన్నా, జస్ట్ ఫ్లైట్ ఎక్కి వచ్చెయ్. మన హౌస్ ఇక్కడే ఉంది కదా. అది చెప్పు వాళ్ళకి."

అది అమెరికాలో పుట్టింది, దాని పాస్‌పోర్ట్ అమెరికాది. దానికి ఎలా చెప్పాలో తెలియక, సరేనమ్మా అన్నాను.

సోమవారం అందరూ వెళ్ళిపోయారు. హోటల్ గదిలో నేనూ, నా ఫైలూ మిగిలాం. ఆఫీసులో మేనేజర్‌కి మెసేజ్ పెట్టి, ఆయన పెట్టిన 'ఓకే'ని పదిసార్లు చదివాను. అందులో కోపం ఉందా, లేదా? కొరియర్ పేజీ నిమిషానికోసారి తెరిచాను. ఏదో ఊళ్ళో కస్టమ్స్ దగ్గర కవర్ ఒకటిన్నర రోజు ఆగిపోయింది. పోతే? తడిస్తే? కొత్త వీసాకి ఇంటర్వ్యూ ఎన్ని నెలలకు దొరుకుతుంది? ఉద్యోగం అన్నాళ్ళు ఉంటుందా? కారు, ఇల్లు, పిల్ల స్కూలు, అన్నీ ఆ కవర్లోనే ఉన్నట్టనిపించింది. తిండి సయించలేదు. బుధవారం కవర్ చేతికొస్తే రిసెప్షన్ దగ్గరే చించి, వీసా పేజీని వేలితో తడిమి చూసుకున్నాను.

డల్లాస్‌లో దిగి క్యూలో నించున్నాను. ఆఫీసర్ రెండు పాస్‌పోర్ట్‌లనూ తిప్పుతూ ఎందుకు వెళ్ళానని అడిగాడు.

"ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి సార్. నేను సాకర్ కోచ్‌ని."

అనేశాక తట్టింది. వీసా ఉన్నది సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి. కోచ్ అంటే ఇంకో ఉద్యోగం అనుకోడూ! "జీతం లేదు సార్, వాలంటీర్‌ని, పిల్లలకి" అని అడక్కుండానే అప్పజెప్పాను. ఆయన తలెత్తి చూశాడు.

"అలాగా. ఎవరు గెలిచారు?"

నాకు తెలియదు. నాలుగు రోజుల్లో కొరియర్ పేజీ వందలసార్లు చూశాను గాని, స్కోరు ఒక్కసారీ చూడలేదు. మ్యాచ్ కోసం జర్మనీ దాకా వెళ్ళిన కోచ్‌కి ఎవరు గెలిచారో తెలియదంటే ఎవరు నమ్ముతారు? ఏదో ఒక టీమ్ పేరు చెప్పేద్దామా అనుకున్నాను. కానీ ఆయన కూడా ఆ మ్యాచ్ చూసి ఉంటే?

"తెలియదు సార్. ఈ పాత పాస్‌పోర్ట్ ఇంట్లో మర్చిపోయాను. ఆ భయంలో ఆట చూడలేదు."

ఆయన స్టాంప్ వేసి, పాస్‌పోర్ట్‌లు నా వైపు నెట్టాడు. రెంటికీ రబ్బరు బ్యాండ్ వేసి చేతిలో పట్టుకున్నాను. అలాగే కారు దాకా నడిచాను.

మా ఆవిడ డ్రైవ్ చేస్తోంది. వెనక సీట్లోంచి మా అమ్మాయి ముందుకు వంగింది. "నాన్నా, నెక్స్ట్ ఇయర్ టీమ్ అందరం వెళ్దామా? నువ్వే తీస్కెళ్ళాలి."

"వెళ్దాం" అన్నాను. ఆఫీసర్ ముందు అబద్ధమాడటానికి ధైర్యం చాలలేదు. దాని ముందు మాత్రం తడుముకోకుండా ఆడేశాను.