సున్నా చూపిన మీటరు

కన్యాకుమారి అత్త పిండి మిల్లుకి కరెంటు తీసేసిన రోజున ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఉండకూడదు కూడా. ఆమె భర్త నరసింగరావు ధనిష్ఠా నక్షత్రంలో పోయాడు. అలా పోతే ఆరు నెలలు ఇల్లు వదిలెయ్యాలి. బొబ్బిలిలో మా వీధి వాళ్ళు దేని మీదైనా తగువు పడతారు గానీ దీని మీద పడరు. పెద్దకర్మ అయ్యాక ఇంటికి తాళం వేసి, గుమ్మానికి అడ్డంగా ముళ్ళకంప కట్టి, ఆమె అరసవల్లిలో ఉన్న తమ్ముడింటికి వెళ్ళిపోయింది. మిల్లు ఆ ఇంటి ముందుగదే. ఇల్లు మూస్తే మిల్లు మూసినట్టే.

గడువు తీరి ఆమె తిరిగొచ్చేసరికి గోడ మీద మీటరు లేదు. అది ఉన్న చోట సున్నం తెల్లగా మిగిలింది. తలుపు మీద, కంప వెనకాల, ఒక నోటీసు ఎండకి పచ్చబడి ఉంది. దాన్ని అంటించిన లైన్‌మన్ పై ఊరి వాడు. ఈ ఇంటి వాళ్ళెక్కడని వీధిలో అడిగితే, "అందులో ఎవులూ నేరు, నువ్వూ అక్కడ నిలబడకు" అన్నారు తప్ప ఆమె అరసవల్లిలో ఉందని ఒక్కరూ చెప్పలేదు. మూసిన ఇంటి గురించి మాట్లాడకూడదు. దాని తలుపు వంక చూడకూడదు. చూడని తలుపు మీద నోటీసు ఎవరు చదువుతారు?

వరసగా నాలుగు నెలలు మీటరు సున్నా చూపిస్తే ఆ సర్వీసుని వదిలేసినట్టుగా భావించాలని కొత్త నిబంధన. మళ్ళీ కావాలంటే కొత్త సర్వీసుకి దరఖాస్తు పెట్టుకోవాలి. మిల్లుకి సరిపడా కరెంటు కావాలంటే ట్రాన్స్‌ఫార్మరు ఖర్చు కూడా ఆమే భరించాలి. ఉన్న మిల్లు అమ్మినా అంత రాదు. ఆమెకి మిల్లు తప్ప మరో ఆధారం లేదు.

పార్వతీపురం నుంచి పెళ్ళై వచ్చిన నాటి నుంచీ ఆమె ఒంటి మీద పిండి పొడి లేని రోజు లేదు. జల్లెడ పట్టడం, అరిగిన మిల్లు రాళ్ళు విప్పి మళ్ళీ గంట్లు కొట్టడం ఆమె పని. మోటారు, బెల్టు నరసింగరావు పని. తెగిన బెల్టుని అతను కొత్తది కొనకుండా ఇనప తీగతో కుట్టేవాడు. ఆ కుట్టు చక్రం మీదకొచ్చినప్పుడల్లా 'టప్' మనేది. ఆ చప్పుడుని బట్టి మిల్లు ఆడుతోందో లేదో వీధి చివరి నుంచే తెలిసేది. పిండి సంచి చేతికిస్తూ ప్రతివాడికీ ఒకే మాట చెప్పేవాడు: "సంచి అడుగున పట్టుకో, యేడిగా ఉన్నాది."

ఇల్లు మూసిన మూడో నెలలో ఆ 'టప్' మళ్ళీ వినిపించింది. మిట్టమధ్యాహ్నం. వీధి అరుగుల మీద ఉన్నవాళ్ళు మాట మధ్యలో ఆపేశారు. కంప అలాగే ఉంది. తాళం అలాగే ఉంది. లోపల బెల్టు తిరుగుతోంది. కాసేపటికి ఆగింది. ఎవరూ ఎవరినీ 'విన్నావా' అని అడగలేదు. అందరూ లేచి లోపలికి వెళ్ళి తలుపులు వేసుకున్నారు. తర్వాత కూడా అప్పుడప్పుడూ వినిపించేది. ఆ నెలల్లోనే మీటరు సున్నా చూపించింది.

అత్త తిరిగొచ్చాక కరెంటు ఆఫీసు చుట్టూ నేను కూడా తిరిగాను. ఇంజనీరు హరిబాబు మంచివాడే. "రూలు మాది కాదు నవీన్, విద్యుత్ నియంత్రణ కమిషన్‌ది. కమిషన్ స్వతంత్రం. దానికి మంత్రి చెప్పడానికి కూడా లేదు" అన్నాడు. ఎవరూ చెప్పడానికి లేనిదాన్ని నేను నమ్మను. లైబ్రరీలో చట్టం తీసి చదివాను. కమిషన్ రాసే ప్రతి నిబంధననూ శాసనసభ బల్ల మీద కొన్నాళ్ళు ఉంచాలి. సభ్యులు వద్దంటే పోతుంది, మార్చమంటే మారుతుంది. ఎవరూ ఏమీ అనకపోతే నిలుస్తుంది. ఈ నిబంధనని ఉంచారు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ బల్ల తరచూ నా కళ్ళ ముందుకి వచ్చేది. పెద్ద హాలు, ఖాళీ కుర్చీలు, తిరుగుతున్న ఫాన్లు, బల్ల మీద మా అత్త ఇల్లు పాడుబడిందని చెప్పే కాగితం. అది గాలికి కొద్దిగా లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. అన్నాళ్ళూ దానికి అడ్డం చెప్పే మనిషి రాడు.

అలాంటి నిబంధనల్ని తిరగదోడే శాసనసభ కమిటీ ఒకటుందని, అది ఉత్తరాంధ్ర జిల్లాల వాళ్ళ మాట వినడానికి శ్రీకాకుళం వస్తోందని తెలిసింది. వీధి వాళ్ళు విన్న చప్పుడుతో సహా అంతా రాసి అర్జీ పంపాను. పిలిచారు.

ఆ రోజు కలెక్టరేట్ వరండాలో హరిబాబు మమ్మల్ని పక్కకి తీసుకెళ్ళాడు. 

"అమ్మా, ఇల్లు తెరిచాక మీ వీధోళ్ళందరూ మిల్లు ఆడిన చప్పుడు విన్నామంటున్నారు కదా. లోపల అదే చెప్పండి. మిల్లు ఆడిందంటే మీటరు తప్పు చూపించినట్టు. మీటరు తప్పైతే రూలు మీకు తగలదు. వారంలో లైను ఇచ్చేస్తాను."

"ఎవులు ఆడించారని రాస్తావు బాబూ?"

"ఎవరో ఒకరు. మీరే అనుకోండి."

"నాను ఆడించానంటే కంప దాటి యెల్లినట్టే కదేటి? ఆయన్ని సగం దారిలో యెనక్కి పిలిసినట్టే."

"అత్తా, ఒక్క ముక్క అనెయ్" అన్నాను నేను. "నీ మిల్లు నీకొచ్చేస్తాది."

"నువ్వు నోరు ముయ్యిరా. సదువుకున్నానని సెప్పి అబద్దాలకి అర్జీ రాస్తావేటి?"

లోపల పొడవాటి బల్ల, దాని చుట్టూ సభ్యులు. అధ్యక్షుడు వయసు మళ్ళినాయన. అర్జీ చూస్తూ అడిగాడు. "ఇల్లు మూసిన ఆరు నెలల్లో కరెంటు వాడారా అమ్మా?"

"నేదు బాబూ."

"మిల్లు ఆడిన చప్పుడు వినిపించిందని ఇందులో ఉందే?"

"ఇనిపించిందట."

"మరి లోపల ఎవరున్నారు?"

"మనుసులెవులూ నేరు."

ఒక సభ్యురాలు చీర కొంగు భుజాల మీదుగా నిండా కప్పుకుంది. హరిబాబు తల దించుకున్నాడు. ఇంక అతను చెప్పిన దారిలో ఆమెకి మిల్లు రాదని మా ఇద్దరికీ తెలిసిపోయింది.

కమిషన్ తరపున వచ్చిన అధికారి గొంతు సవరించుకున్నాడు. "అభ్యంతరాలుంటే చెప్పమని ప్రకటన ఇచ్చాం సార్. ఎవరూ రాలేదు. పద్ధతి ప్రకారం సభ ముందు ఉంచాం. అక్కడా ఎవరూ మాట్లాడలేదు."

"ఎక్కడ ఎట్టారు బాబూ?" అంది అత్త.

"శాసనసభ బల్ల మీదమ్మా."

"ఎవులైనా సదివారా?"

అధికారి అధ్యక్షుడి వైపు చూశాడు. అధ్యక్షుడు తన కళ్ళజోడు వైపు చూసుకున్నాడు.

"అయితే మా తలుపు మీద ఎట్టినట్టే ఎట్టారన్నమాట" అందామె. ఎగతాళి లేదు ఆ గొంతులో. దారి తెలిసినవాళ్ళు దారి చెప్పినట్టు చెప్పింది.

నిబంధన మారింది. ఇది అబద్ధం కాదు, కమిటీ గట్టిగానే రాసింది. చావు వల్ల, ఆచారం వల్ల మూసిన ఇళ్ళకి ఏడాది గడువిస్తూ కమిషన్ సవరణ తెచ్చింది. దాన్ని కూడా అదే బల్ల మీద ఉంచారు. ఈసారి కూడా ఎవరూ ఏమీ అనలేదు. అందులో ఆఖరి వాక్యం నేను చదివాను: ప్రకటించిన తేదీ నుంచే అమలు, అంతకుముందు తీసేసిన సర్వీసులకి వర్తించదు.

విశాఖలో పని దొరికి ఊరు వదిలే ముందు, ఆ మాట చెప్పడానికి వెళ్ళాను. మధ్యాహ్నం ఎండ. గోడ మీద మీటరు లేదు, స్తంభం నుంచి ఇంటికి తీగ కూడా లేదు. ఆమె గుమ్మంలో కూర్చుని జల్లెడ దులుపుతోంది. జుట్టు మీద, కనుబొమల మీద తెల్లటి పొడి. పాత మిల్లు కదా, దులిపినప్పుడల్లా రాలుతుందనుకున్నాను.

"మారిందత్తా" అన్నాను.

"మరి నాకు?"

"నీకు కాదు. ఇక మీద మూసే ఇళ్ళకి."

ఆమె నవ్వింది. "నాను సెప్తే అందరికీ మారింది గానీ నాకు మారనేదు. బాగుందిరా మీ సభ."

"మళ్ళీ రాస్తాను. వదిలిపెట్టను."

"రాయకు" అంది, నవ్వు ఆపి. "ఆళ్ళని మళ్ళీ ఇటేపు సూడనీకు. ఇప్పుడు బాగానే ఉన్నాది."

లేచి మిల్లు గదిలోకి వెళ్ళింది. చీకట్లో ఆమె కనిపించలేదు. ఎవరితోనో తగ్గుగొంతుతో రెండు మాటలన్నట్టనిపించింది. ఒక గుడ్డసంచితో బయటికొచ్చింది. రెండు రోజుల కిందట మా అమ్మ చోళ్ళు పోసి ఇచ్చిన సంచి అది. పట్టించడానికి వేరే వీధికి తీసుకెళ్ళి ఉంటుందని అనుకున్నాం.

నేను మూతి దగ్గర పట్టుకోబోయాను.

"అడుగున పట్టుకో, నవీనూ" అంది. "యేడిగా ఉన్నాది."