మురుగమల్ల బస్సులో కవి
చింతామణిలో ఒక కాలేజీ లైబ్రరీలో నా ఉద్యోగం. కొత్త రచయిత పుస్తకం వస్తే, ఆ రచయిత పేరుతో కంప్యూటర్లో ఒక రికార్డు తెరుస్తాం. అందులో ‘వృత్తి’ అన్నచోట మన సొంత మాటలు చెల్లవు. ఇచ్చిన పట్టికలోంచే ఎంచుకోవాలి.

పోయిన ఏడాది భజన పాటల పుస్తకం ఒకటి వచ్చింది. రాసిన వెంకటరవణప్ప గారు మురుగమల్ల ఊరికి వెళ్ళే బస్సు డ్రైవర్. పట్టికలో ‘కవి’, ‘డ్రైవర్’ రెండూ ఉన్నాయి. ముందు ఏది పెట్టాలో ఆయన్నే అడుగుదామని హుషారుగా ఆ బస్సే ఎక్కి, ముందు సీట్లో కూర్చుని, బస్సు నడుస్తుండగానే అడిగేశాను.

“నన్ను కవి అని రాస్తాండావా తల్లీ!” అని పొంగిపోయి, ఆయన ప్రయాణికుల వైపు మెడ తిప్పారు. “ఏమప్పా, మీరే చెప్పండి. నేను కవినా, డ్రైవర్నా?”

“కవే!” అని బస్సంతా అరిచింది.

“ఒక పాట పాడప్పా, చెప్తాము” అన్నాడు కండక్టరు.

ఆయన కళ్ళు మూసుకుని రాగం ఎత్తుకున్నారు. ఎదురుగా గడ్డి ట్రాక్టర్! నేను కెవ్వుమన్నాను. స్టీరింగు గిర్రున తిరిగింది. బస్సు రోడ్డు పక్క మట్టిలోకి దిగి ఆగింది.

అందరి చూపులూ నా మీదే. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడు వెనక సీట్లోంచి ఒక ముసలామె గట్టిగా అంది: “ముందర డ్రైవర్ అనే రాయమ్మా! మేము మురుగమల్ల చేరినంక కవి అని రాసుకుందువు!”

భయమంతా నవ్వుల్లో కొట్టుకుపోయింది.

రికార్డులో నేటికీ అదే వరుస. దానికి ఆధారమేమిటని ఎవరైనా అడిగితే, నా దగ్గర బస్సెడు సాక్షులున్నారు.