జరీ అంచు వెనక వైపు

నిన్న పొద్దున దమ్మాయిగూడలో మా ఇంటి వరండాలో కూర్చుని కాప్రా నుంచి ఒకావిడ కుట్టమని తెచ్చిన కొత్త పట్టుచీర జాకెట్ ముక్కను చేతిలోకి తీసుకున్నాను. ఆకుపచ్చ పట్టు, దానికి వేలెడు వెడల్పు జరీ అంచు. ఏ వైపు ముందో ఏ వైపు వెనకో కళ్ళకు తెలియలేదు. అలవాటుగా బొటనవేలితో రాసి చూశాను. వెనక వైపు జరీ గరుగ్గా తగిలింది. ఆ గరుకుతో పాటే మిషన్ నూనె వాసన, అరిగిన సబ్బుబిళ్ళ వాసన, నాచారంలో రేకుల కప్పు కింద వరసగా నాలుగు కుట్టు మిషన్లు, వాటి వెనక ముక్కు మీదికి జారిన కళ్ళజోడుతో రూతక్క, అన్నీ వచ్చేశాయి. నాకు పని నేర్పింది రూతక్కే. ఆమె గురించి చెప్పాలంటే నేను చేసిన ఒక దొంగపని గురించి కూడా చెప్పాలి. ఇన్నేళ్ళుగా ఆమె మంచితనం గురించి నలుగురికీ చెప్పుకున్నాను గానీ, ఆ సంగతి మాత్రం ఎప్పుడూ దాటేస్తూనే వచ్చాను.

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. ఇంటర్ ఒకసారి తప్పి, మళ్ళీ రాసి మళ్ళీ తప్పాను. మా నాన్న జనగామ వైపు నుంచి వచ్చి నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పదిహేనేళ్ళు చేశాడు. ఆ ఏడాది అది మూతపడింది. ఊరికి పోయి ఉన్న ఎకరంలో ఏదో ఒకటి వేసుకుందామని నాన్న, పిల్లల చదువులు ఇక్కడున్నాయి, వెళ్ళేది లేదని అమ్మ. వారం రోజులు వాదించుకుని చివరికి ఇద్దరూ నా వైపు చూశారు. దసరా లోపల నాకు ఎక్కడైనా పని దొరికితే ఉండిపోతాం, లేకపోతే మూటాముల్లే సర్దుకుంటాం. ఇంట్లో తేలిన మాట అది. మా గల్లీ చివర రూతక్క ఉండేది. మెదక్ వైపు మనిషి. నాచారంలోనే బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో చెకింగ్‌లో పనిచేసేది. సాయంత్రాలు, ఆదివారం చర్చి నుంచి వచ్చాక, ఆడపిల్లలకు కుట్టుపని నేర్పేది. పని వచ్చిన పిల్లను తమ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ మేడం దగ్గరికి తానే తీసుకుపోతుందని పేరు. అమ్మ నన్ను ఆమె దగ్గర దింపి వచ్చింది.

మొదటి రోజు నా చేతికి బట్ట ఇవ్వలేదు. పాత ముక్కల మూట ఒకటి ముందు పడేసి, కుట్లు విప్పే కత్తి చేతిలో పెట్టింది. పెన్ను మూతంత ఉంటుంది ఆ కత్తి. చివర రెండు కొమ్ములు, అందులో ఒకదానికి చిన్న ఎర్ర గుండు.

"కుట్లన్ని విప్పు పద్మా. బట్టల ఒక్క పోగు తెగొద్దు" అంది.

"నేను కుట్టుడు నేర్సుకుందామని వచ్చిన అక్కా."

"కుట్టుడు వారంల వస్తది. విప్పుడు రాకపోతే తప్పు కుట్టు మీదనే ఇంకో కుట్టు ఏసుకుంట పోతవు."

పదకొండు రోజులు విప్పాను. లోపల తిట్టుకుంటూనే విప్పాను. ప్రతి కుట్టూ తెంపక్కర్లేదనీ, ఒక వైపు నాలుగు కుట్లకొకటి తెంపుకుంటూ పోయి వెనక దారం పట్టి లాగితే వరస మొత్తం ఊడి వస్తుందనీ ఆరో రోజు గాని చూపించలేదు. మొదటి రోజే చెప్తే ఏం పోయేదని అడిగాను. నవ్వి ఇంకో ముక్క నా ముందుకు తోసింది.

ఆమె పనిముట్లన్నీ మూడు గిన్నెల స్టీలు టిఫిన్ క్యారియర్‌లో ఉండేవి. కింది గిన్నెలో మిషన్‌కు బిగించే ఫుట్లు. బట్ట అంచును దానంతట అదే మడుచుకుంటూ పోయేది ఒకటి, లంగాలకు కుచ్చులు పెట్టేది ఒకటి, జిప్పు పక్క నుంచి నడిచే ఒంటికాలిది ఒకటి. ఆ జిప్పు ఫుట్ జిప్పులకే కాదు, జాకెట్ మెడకు తాడు పెట్టి పైపింగ్ వేయడానికి కూడా అదే మంచిదనేది. నడిమి గిన్నెలో సూదులు, బాబిన్లు. పై గిన్నెలో చూసినవాళ్ళు నవ్వుకునే సామాను: గీతలు గీయడానికి అరిగి పలచబడ్డ సబ్బుబిళ్ళలు, మిషన్ పళ్ళలో చేరిన నూగు దులపడానికి పాత టూత్‌బ్రష్, కింద పడ్డ గుండుసూదులు ఏరడానికి పాడైన రేడియోలోంచి తీసిన అయస్కాంతం. మిషన్‌కు నూనె వేసిన రోజు ముందు పాత గుడ్డ మీద నాలుగు వరసలు కుట్టందే మంచి బట్ట ముట్టనిచ్చేది కాదు. సూది బట్టలోకి దిగేటప్పుడు టప్ టప్ మంటే చాలు, పక్క గదిలో ఉన్నా "సూది మార్సు" అని కేక వేసేది. ఆ చెవులు చూసి మాకు భయంగా ఉండేది.

ఇంకో ఆచారం ఉండేది ఆమెకు. క్లాసు మొదలయ్యే ముందు నాలుగు మిషన్ల సూదుల్లోనూ దారం మేమే ఎక్కించాలి. ఆమె సొంత మిషన్‌కు కూడా. "ఇది మీ మొదటి పాఠం, రోజూ చదవాలె" అనేది. సూది వెనక తెల్ల కాగితం ముక్క పెడితే కన్నం బాగా కనపడుతుందని నేర్పింది. మేం గురువుగారి సేవ అనుకుని పోటీపడి ఎక్కించేవాళ్ళం. నాకు మాత్రం మూడు నెలలకు అనుమానం మొదలైంది. సబ్బు గీతలను చూడకుండా వేలితో తడుముతూ పోయేది. ముదురు రంగు బట్ట అయితే కత్తిరించమని మాకే ఇచ్చేది. ఆమెకు చూపు తగ్గుతోందని నాకు అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. అది నా మంచితనమేనని అప్పట్లో అనుకున్నాను.

దసరాకు నెల ఉందనగా రూతక్క ఒక పట్టు జాకెట్ ముక్క తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. పసుపు పట్టు, రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపించే నేత.

"మా మేడంది. నువ్వే కొయ్యి, నువ్వే కుట్టు. నేను ముట్ట. ఇది మంచిగొస్తె సోమవారం నిన్ను తోల్కపోత."

అంచు ముక్క సరిగ్గా రెండు చేతులకే సరిపోయేలా ఉంది. మామూలుగా బట్టను మడిచి కోస్తాం కాబట్టి కుడి చెయ్యి, ఎడమ చెయ్యి జతగా వస్తాయి. అంచు పొదుపు చేద్దామని నేను మడవకుండా ఒక చెయ్యి కోసి, అదే కొలత కాగితాన్ని తిప్పకుండా పక్కన పెట్టి రెండోది కోశాను. చేతి పై భాగంలో ముందు వైపు కోత లోతుగా ఉండాలి, వెనక వైపు తక్కువగా ఉండాలి. కుట్టబోతూ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ కుడి చేతివే. చీరతో వచ్చే జాకెట్ ముక్క ఒక్కటే ఉంటుంది. బజారంతా తిరిగినా ఆ అంచు ఇంకోటి దొరకదు.

అప్పుడు చేశాను నా దొంగపని. ఒక చేతిని తిరగేసి, బట్ట వెనక వైపు పైకి వచ్చేలా కుట్టేశాను. కోత సరిపోయింది. పట్టు రెండు వైపులా ఒకటే కనుక తేడా తెలియలేదు. జరీ వెనక లేచి ఉన్న పోగుల్ని సన్నగా కత్తిరించి, పలచటి గుడ్డ వేసి ఇస్త్రీ చేశాను. మేడం చూస్తే చూడవచ్చు, చూడకపోవచ్చు. రూతక్కకు మాత్రం కనపడదు. ఆ ధైర్యంతోనే తీసుకుపోయి ఇచ్చాను.

ఆమె జాకెట్‌ను వెలుగులోకి కూడా పట్టలేదు. మెడ తడిమింది, హుక్కులు తడిమింది, కుడి చేతి అంచు మీద బొటనవేలు నడిపింది. ఎడమ చేతి అంచు మీదికి వచ్చి వేలు ఆగింది.

"ఇది తిర్లమర్ల ఉన్నది" అంది.

ఒప్పుకోవాల్సిన చోట నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "నీకు కనపడదు గదక్కా, ఎట్ల తెల్సింది?"

అనకూడని మాట అనేశానని అన్నాకే తెలిసింది. ఆమె జాకెట్ మడిచి బల్ల మీద పెట్టింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"కనపడదు" అంది. "షుగర్‌తోని అయింది. ఏడాది దాటింది. దవాఖానాల చెప్పిన్రు. ఫ్యాక్టరీల ఎవ్వరికి చెప్పలే. చెకింగ్‌ల వేళ్ళతోని నడిపిస్తున్న."

"తప్పయింది అక్కా."

"ఏది తప్పయింది? కోసుడా, నాకు కనపడదని ఇచ్చుడా?"

నేను ఏడ్చాను. జాకెట్‌ను ఎట్లాగైనా సరిచేసి పెట్టమనీ, మేడంకు తెలియనివ్వద్దనీ, ఊరికి పోవలసి వస్తుందనీ బతిమాలాను. ఆమె టిఫిన్ గిన్నె తెరిచి విప్పే కత్తి తీసి నా చేతికిచ్చింది. ఆ చెయ్యి విప్పించింది. తర్వాత, రేపు ఆదివారం మేడం ఇంట్లోనే ఉంటుందనీ, ఇద్దరం పోదామనీ చెప్పింది.

మేడం ఇల్లు సైనిక్‌పురిలో. రెండు బస్సులు మారి వెళ్ళాం. నాచారంలో ఎక్కేటప్పుడు బస్సు నంబరు చదవమని రూతక్క నన్నడిగింది. అదే మొదటిసారి అట్లా అడగడం. గేటు దగ్గర నా భుజం పట్టుకుని, "నువ్వే చెప్పు. నేను నడుమ మాట్లాడ" అంది.

చెప్పాను. రెండు చేతులూ ఒకే చేతివి కోశాననీ, దాచిపెట్టడానికి తిరగేసి కుట్టాననీ నత్తినత్తిగా చెప్పాను. మేడం కోప్పడింది. అది వాళ్ళమ్మాయి నిశ్చితార్థానికి కట్టుకోవలసిన చీర. కాసేపటికి తానే లోపలికి పోయి చీర తెచ్చింది. చీర కట్టుకునేటప్పుడు నడుము దగ్గర లోపలికి దోపుకునే మొదటి చెంగు బయటికి కనపడదు. అక్కడ జానెడు కోసుకుని కొత్త చెయ్యి కుట్టమంది. రూతక్కకు ఆ ఉపాయం ముందే తెలుసు. కానీ అడగకుండా ఒకరి చీర మీద కత్తెర పెట్టే మనిషి కాదు.

ఇక లేద్దామనుకుంటుండగా రూతక్క, "మేడం, నేనొకటి చెప్పాలె" అంది. తన కళ్ళ సంగతి చెప్పింది. నాకు చెప్పిన మాటలే, అదే వరసలో. పదేళ్ళుగా రూతక్క వేలు పడ్డ బట్టలో లోపం ఉందని ఎవరూ తిప్పి పంపలేదని మేడం అంది.

సోమవారం కాదు, ఆపై సోమవారం నేను ఫ్యాక్టరీలో చేరాను. ఆ నెలాఖరుకు రూతక్క మానేసింది. చెకింగ్‌లో కళ్ళు లేనివాళ్ళను ఉంచుకోలేమన్నారు, వేరే పని చూపలేదు. మా ఇల్లు నాచారంలోనే నిలబడింది. ఆ పూట నేను నిజంగా ఏం చేశానో ఇంట్లో ఎవరికీ తెలియదు. నా వల్లే ఆమె నోరు విప్పవలసి వచ్చిందని చాలాకాలం బాధపడ్డాను. ఒకసారి ఆ మాటే అన్నాను. "నీకెందుకే ఆ ఫికర్? పిల్లతోని నిజం చెప్పించి, నేను దాసుకొని రావాల్నా?" అంది. ఆ తర్వాత పదేళ్ళు ఇంటి దగ్గరే నేర్పింది, చివరి మూడేళ్ళు వేళ్ళతోనే. తెలంగాణ రాష్ట్రం వచ్చిన ఏడాది చలికాలంలో పోయింది. టిఫిన్ క్యారియర్ నాకివ్వమని కూతురికి చెప్పి ఉంచిందట.

ఇప్పుడు నా దగ్గర ముగ్గురు ఆడపిల్లలు నేర్చుకుంటున్నారు. నిన్న ఆ ఆకుపచ్చ ముక్కను బొటనవేలితో తడుముతూ తలెత్తితే, అందులో చిన్నది స్వప్న నా మిషన్ సూదిలో దారం ఎక్కిస్తోంది. సూది వెనక తెల్ల కాగితం పెట్టుకుంది. ఎక్కించమని నేనే చెప్పాను. ఆరు నెలలుగా రోజూ చెప్తున్నాను. ఇది మీ మొదటి పాఠం అని కూడా చెప్పాను.

ఆ ముక్క తెచ్చిన కాప్రా ఆవిడ ఇంకా ఎదురుగానే కూర్చుని ఉంది. ముక్కను బల్ల మీద పెట్టి ముగ్గుర్నీ పిలిచాను.

"నాకు దగ్గరివి సరిగ్గ కనపడ్తలేవు" అన్నాను. "అందుకే దారం మీతోని ఎక్కిపిస్తున్న. పాఠం గీఠం ఏం లేదు. ఈ అంచు ఎనక వైపు ఇదేనా, జర చూసి చెప్పుండ్రి."

కాప్రా ఆవిడ నా ముఖం వైపు, తన పట్టు ముక్క వైపు మార్చి మార్చి చూసింది. తీసుకుపోతుందేమో అనుకున్నాను గానీ, లేవలేదు. స్వప్న వచ్చి ముక్కను కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి చూసింది, తర్వాత నేను చేసినట్టే వేలితో రాసి, అవునని తలూపింది.