అబద్ధాల గోడ మీద బల్బు

నిబాల్డో కాయో చేతికి బ్యాటరీ ఇస్తే ముందు దాని మీది అక్షరాలు చదవడు. కళ్ళు మూసుకుని, కూరగాయల కొట్లో దోసకాయని చూసినట్టు, అరచేతిలో రెండుసార్లు ఎగరేస్తాడు. మొన్న ఆదివారం ఫ్రేసియా మామానీ ఇంట్లో సాయంత్రం టీ బల్ల దగ్గర కూడా అదే చేశాడు. ఫ్రేసియా అల్లుడు ఎలియోదోరో ఫోన్‌లో చూసి తెప్పించుకున్న రిమోట్ కారు బల్ల మీద ఉంది. దాని బ్యాటరీకి వెండి రంగు లేబుల్, దాని మీద ఎంత కరెంటు నింపుకుంటుందో చెప్పే అంకె: ఎనిమిది వేలు.

"ఎనిమిది వేలట, దోన్ నిబా! గంటసేపు ఆగకుండా పరుగెడుతుందట," అన్నాడు అల్లుడు.

"ఎవరన్నారు?"

"పెట్టె మీద ఉంది కదండీ."

"పెట్టె ఎప్పుడైనా పరుగెత్తిందా నాయనా?" అన్నాడు నిబాల్డో కళ్ళు తెరవకుండా. "ఇందులో సగం గాలే ఉంది."

ఫ్రేసియా నవ్వు ఆపుకుంటూ రొట్టె బుట్ట అతని వైపు జరిపింది. తర్వాత ఇద్దరూ ఒకేసారి గోడ వైపు చూశారు. అక్కడ చేతెడు పైన్ చెక్క ముక్క ఒకటి మేకుకి వేలాడుతోంది. దాని మీద వెలిసిపోయిన బంగారు రంగు లేబుల్ ఒకటి, దాని పక్కనే తీగతో కట్టిన బస్సు బ్రేకు బల్బు ఒకటి ఉన్నాయి. ఆ చెక్క ఏమిటో అల్లుడికి తెలియదు. అతను ఈ ఇంటికి రావడానికి చాలా ముందటి సంగతి అది.

అప్పట్లో ఇకీకే రేవుపట్నంలో ఒకవైపు సముద్రం, మరోవైపు ఇసుక కొండ, మధ్యలో చేపపిండి ఫ్యాక్టరీల కంపు. నిబాల్డో అలాంటి ఒక ఫ్యాక్టరీలో కరెంటు పనివాడు. మోటార్లు విప్పడం, మళ్ళీ చుట్టడం అతని పని. ఎన్నిసార్లు స్నానం చేసినా ఒంటి మీద చేప వాసన పోయేది కాదు. నాట్యానికి పిలిస్తే ఆడపిల్లలు తలనొప్పి అని తప్పుకునేవారు. ముప్పై రెండేళ్ళ వయసులో, పన్నులేని సరుకుల బజారులో ఒక జపాను రిమోట్ కారు చూశాడు. రెండు నెలలు సిగరెట్లు మానేసి దాన్ని కొన్నాడు. కారుతో వచ్చిన బ్యాటరీ కట్ట పెట్టె మీద "పదిహేను నిమిషాల ఉధృత వేగం" అని రాసి ఉంది. అది ఆరు నిమిషాలు కూడా నడవలేదు. కారు సముద్రపు ఒడ్డున నడిరోడ్డు మీద ఆగిపోయింది. జనం నవ్వారు. చంకలో కారు పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే, జీతం కాగితాన్ని చూసినప్పుడల్లా వచ్చే కోపమే అతనికి మళ్ళీ వచ్చింది. రాసేవాడు ఒకడు, మోసేవాడు ఒకడు. ఈ లోకమంతా ఇలాగే కట్టారు కాబోలు అనుకున్నాడు.

పాడైపోయిన బస్సు నుంచి బ్రేకు బల్బులు పీకి, ఒక పలక మీద వరసగా బిగించాడు. నిండా ఛార్జ్ చేసిన బ్యాటరీని దానికి తగిలించి ఎదురుగా కూర్చునేవాడు. ముందు తెల్లటి వెలుగు. ఆ తర్వాత గుడ్డు పచ్చసొన రంగు. చివరికి నిప్పు కణిక, ఆ మీద చీకటి. మంచి బ్యాటరీ చివరిదాకా ఒకేలా వెలిగి ఒక్కసారిగా పడిపోతుంది. చెడ్డది మొదటి నుంచే మూలుగుతూ పోతుంది. ఈ రెంటికీ తేడా తెలుసుకోవడానికి అతనికి ఒక చలికాలమంతా పట్టింది.

కవాంచా ఒడ్డున పాత స్కేటింగ్ గచ్చు ఉండేది. ఆదివారం పొద్దున్న కమంచాకా పొగమంచు ఇంకా విడవకముందే రిమోట్ కార్ల వాళ్ళు అక్కడ చేరేవారు. ఫ్యాక్టరీలో పారేసిన నీళ్ళ గొట్టాలు పరిచి దారి మలుపులు కట్టేవారు. వెచ్చగా ఉన్న బ్యాటరీ బలంగా తోస్తుంది కనుక, అందరూ బేకరీ మీదుగా వచ్చి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టెల సంచిలో బ్యాటరీ కట్టని దూర్చి తెచ్చేవారు. పందెం అయ్యాక అవే రొట్టెలు అందరూ తినేవారు. ఇకీకేలో ప్లాస్టిక్ వాసన లేని రొట్టె మగవాళ్ళకి రుచించదని ఫ్రేసియా ఎగతాళి చేసేది.

ఫ్రేసియా ఆ గచ్చు మీద కారు నడిపిన ఒకే ఒక ఆడమనిషి. బజారులో చిన్న అంగడి ఆమెది. నిబాల్డో ఆమె కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రిగా నిలబడ్డాడు. అప్పటి నుంచి అతను ఆమెకి కొంపాద్రే, ఆమె అతనికి కొమాద్రే. భార్య లేని అతనికీ మొగుడు వదిలేసిన ఆమెకీ ఆదివారం టీ ఒక్కటే చుట్టరికం.

గచ్చు పక్కన చెక్క షెడ్డు ఉండేది. అందులో నిబాల్డో బల్ల. కొత్త బ్యాటరీ ఊళ్ళోకి వస్తే ముందు ఆ బల్ల మీదికి రావాలి. అందరూ చుట్టూ మూగి చూసేవారు.

"ఏం దోన్ నిబా, పాసా ఫెయిలా?"

"ఆగవయ్యా, ఇంకా గుడ్డు ఉడకలేదు."

"మా ఆవిడ కూడా నన్నిలాగే చూస్తుంది, జీతం రోజున!"

నెగ్గితే బల్లని రెండుసార్లు తట్టేవాడు. ఓడితే, బ్యాటరీ మీది లేబుల్‌ని గోటితో మెల్లగా ఒలిచి, షెడ్డు గోడకి అతికించేవాడు. పులులు, మెరుపులు, రాకెట్లు, "ప్రపంచ విజేత" అనే అక్షరాలు అన్నీ కలిసి ఆ గోడ పండగ తోరణంలా ఉండేది. దానికి అబద్ధాల గోడ అని పేరు పడింది. గోడకెక్కిన సరుకు ఇక ఇకీకేలో చెల్లేది కాదు. నిబాల్డోకి వేరే ఆస్తి లేదు. ఆ మాట ఒక్కటే ఉంది.

అతనికి మరో నియమం ఉండేది. అప్పటి బ్యాటరీలు నికెల్‌వి. పరీక్ష అయ్యాక బ్యాటరీని బల్బు పూర్తిగా ఆరిపోయేదాకా వెలిగించి, ఆ పలకకే తగిలించి తెల్లారేవరకూ వదిలేసేవాడు. "సగం తిని లేచిన నికెల్ సగమే గుర్తుపెట్టుకుంటుంది. పూర్తిగా ఉపవాసం ఉంటేనే మళ్ళీ నిండా తింటుంది," అనేవాడు. ఊళ్ళో అందరూ ఇంట్లో అలాంటి పలకే చేసుకుని బ్యాటరీలకి ఉపవాసాలు పెట్టేవారు.

అలా ఇరవై ఏళ్ళు గడిచాక ఫ్రేసియా ఊళ్ళోకి మొదటి లిథియం కట్టలు తెచ్చింది. పాత నికెల్ సరుకంతా వచ్చిన ధరకి అమ్మేసి, ఉన్నదంతా పెట్టి రెండు అట్టపెట్టెలు తెప్పించింది. బంగారు రంగు లేబుల్, దాని మీద దూకే గుర్రం, కింద ఐదు వేలనే అంకె.

"కొంపాద్రే, నీ బల్ల మీద నిలబడితే నా అంగడి నిలబడుతుంది," అంది ఒక కట్ట అతని చేతిలో పెడుతూ.

అది అతని చేతికి తేలిగ్గా తగిలింది. అప్పుడే అనుమానం వచ్చింది. అయినా పలకకి తగిలించాడు. చాలాసేపు వెలిగింది. పచ్చసొన రంగు వచ్చింది, నిప్పు కణిక అయింది, ఆరిపోయింది. ఎప్పటిలాగే అలాగే వదిలేసి ఇంటికి వెళ్ళాడు. తెల్లారి వచ్చి చూస్తే కట్ట పులిసిన పిండి ముద్దలా ఉబ్బి ఉంది. ఛార్జరుకి పెడితే ఎర్ర దీపం వెలిగి, ఇక తీసుకోనంది.

ఆ ఆదివారం అందరూ చూస్తుండగా బంగారు గుర్రాన్ని గోటితో ఒలిచి గోడకి అతికించాడు. ఫ్రేసియా రొట్టెల సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. సంచి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆమె అంగడి ముందు ఎవరూ ఆగలేదు. ఆదివారం టీకి ఆమె పిలవలేదు, అతను వెళ్ళలేదు. ఒంటరిగా వంటింట్లో టీ తాగుతూ, "మాటంటే మాటే. కొమాద్రే అయినా, కన్నతల్లి అయినా," అని గోడలకి చెప్పుకున్నాడు. గోడలు ఒప్పుకున్నాయి. టీ మాత్రం చప్పగా ఉంది.

వర్షమెరగని ఆ ఊళ్ళో శీతాకాలం పొగమంచు బాగా దిగిన ఒక బుధవారం, షెడ్డులో అతనొక్కడే ఉండగా ఫ్రేసియా వచ్చింది. చంకలో తన ఇంటి బల్బుల పలక, చేతిలో రెండు కొత్త కట్టలు.

"నేను మూడింటిని చంపాను," అంది కూర్చోకుండానే.

"దేన్ని?"

"ఇవే. నీ దగ్గర నేర్చుకున్న ఉపవాసం పెట్టి. మూడూ ఉబ్బి చచ్చాయి. నాలుగోది వెలుగుతుంటే మా అమ్మాయి ఫోన్ చేసింది, పచ్చసొన రంగులో ఉండగానే తీగ పీకేసి వెళ్ళాను. అది బతికింది. మళ్ళీ ఛార్జ్ అయింది. మళ్ళీ వెలిగింది. పదిసార్లు చేసి చూశాను."

"నికెల్‌కి..."

"ఇది నికెల్ కాదు కొంపాద్రే. దీన్ని ఆకలితో మాడ్చకూడదు. అంతే."

రెండు కట్టలూ రెండు పలకలకి తగిలించారు. పచ్చసొన రంగు రాగానే ఆమె తన తీగ లాగేసింది. నిబాల్డో లాగలేదు. మొండిగా చేతులు కట్టుకుని, బల్బు ఎర్రబడి ఆరిపోయేదాకా చూశాడు. మర్నాడు పొద్దున్న ఇద్దరూ మళ్ళీ వచ్చారు. అతని కట్ట ఉబ్బిపోయింది. ఆమెది ఛార్జరు మీద పచ్చదీపం చూపిస్తోంది. దాన్ని పాత కారులో పెట్టి గచ్చు మీద వదిలాడు. కారు ముందు చక్రాలు నేల విడిచి లేచాయి. ఇరవై ఏళ్ళలో అది అలా లేవడం అతను చూడలేదు. మలుపు దగ్గర అదుపు తప్పి గొట్టాల మీదుగా దూకి ఇసుకలో పడింది. ఇద్దరూ వెళ్ళి దాన్ని ఇసుకలోంచి తీశారు.

"నేనెవరికీ చెప్పను," అంది ఫ్రేసియా చివరికి. "ఆదివారం నీ గోడ, నీ ఇష్టం." వెళ్ళేముందు తన పలకని అక్కడే వదిలేసింది.

ఆదివారం దాకా మిగిలిన రోజులు అతను ఫ్యాక్టరీలో మోటార్లు చుట్టాడో, తన మెడకి తీగ చుట్టుకున్నాడో అతనికే తెలియదు. నోరు మూసుకుంటే మాట నిలుస్తుంది. నోరు తెరిస్తే, గోడ మీద ఇరవై ఏళ్ళుగా అతికించిన ప్రతి లేబుల్ కిందా జనం అనుమానం రాసుకుంటారు. రాసేవాళ్ళు అబద్ధమాడి మేడలు కట్టుకుంటున్నారు. మోసేవాడు ఒక్క తప్పు ఒప్పుకుంటే ఉన్న బల్ల కూడా పోతుంది. న్యాయం కాదు అనుకున్నాడు. ఆ బతికిన కట్టనే మళ్ళీ మళ్ళీ వెలిగించి, రెండు వేలని నమ్మకంగా తేలిన తన పాత నికెల్ కట్టతో పోల్చి చూశాడు. దానికి రెండింతలు, ఇంకొంచెం. అంటే నాలుగు వేలు దాటి కాస్త. ఐదు వేలు మాత్రం కాదు.

ఆదివారం షెడ్డు నిండింది. నిబాల్డో తన పలక నుంచి ఒక బల్బు విప్పాడు. బంగారు గుర్రం పక్కన మేకు కొట్టి, తీగతో ఆ బల్బుని గోడకి కట్టాడు.

"ఏంటి దోన్ నిబా, గోడకి దీపం పెడుతున్నారు? ఎవరైనా పోయారా?"

"కాగితం ఐదు వేలంది," అన్నాడు నిబాల్డో వెనక్కి తిరగకుండా. "నాలుగు వేలే. కనక కాగితం గోడ మీదే ఉంటుంది. కానీ ఆ కట్టని చంపింది కాగితం కాదు. నా బల్బు. ఈ కొత్త సరుకుని పచ్చసొన రంగు దగ్గర ఆపాలి. నేను చీకటి దాకా లాగాను. సరుకు మంచిది. కొనుక్కోండి."

తర్వాత మూలనుంచి పడవల మెకానిక్ అబెలార్దో అన్నాడు: "అయితే ఇన్నేళ్ళు మా బ్యాటరీలకి పెట్టించిన ఉపవాసాలు? ఆ పుణ్యం ఎవరికి?"

"నికెల్‌కి సరిపోయింది. దీనికి సరిపోదు."

"రేపు ఇంకోటి వస్తే?"

"దాన్ని చంపాకే తెలుస్తుంది," అన్నాడు నిబాల్డో.

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. ఫ్రేసియా సంచిలోంచి వేడి రొట్టె తీసి రెండుగా విరిచి, సగం అతని బల్ల మీద పెట్టింది. ఆ సాయంత్రమే అతను మళ్ళీ ఆమె ఇంట్లో టీ తాగాడు.

ఆమె సరుకు అమ్ముడైంది. నిబాల్డో బల్ల మాత్రం మెల్లమెల్లగా ఖాళీ అయింది. నిజం చెప్పినవాడికి దండలు వేసే లోకం కాదు ఇది. కొన్నాళ్ళకి అంకెలు చూపించే ఛార్జర్లు వచ్చాయి, బల్బు ముందు కూర్చునే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఆ తర్వాత స్కేటింగ్ గచ్చు తవ్వి, అక్కడ సముద్రం కనబడే అపార్టుమెంట్లు కట్టారు. అమ్మకం బోర్డు మీద నీలం నీళ్ళు, నవ్వే కుటుంబం. ఆ బోర్డుని ఒలిచి అతికించడానికి మాత్రం అబద్ధాల గోడ లేదు. షెడ్డు కూలగొట్టే రోజున ఫ్రేసియా పనివాళ్ళకి శీతల పానీయాలు పట్టుకెళ్ళి, బంగారు గుర్రం ఉన్న ఒక్క చెక్క ముక్క కోయించుకు తెచ్చింది. పులులూ రాకెట్లూ సముద్రపు గాలికి ఎటు పోయాయో తెలియదు.

ఇప్పుడు డెబ్బై దాటిన నిబాల్డో లేచి, గోడ మీది చెక్కని దించి, టీ బల్ల మీద పెట్టాడు. తీగ చివర్లు చొక్కాతో తుడిచి, అల్లుడి బ్యాటరీకి తగిలించాడు. ఇన్నేళ్ళ పాత బల్బు ఒక్కసారి కళ్ళు నలుపుకుని తెల్లగా వెలిగింది. టీ కప్పులు, వెన్న గిన్నె, ఫ్రేసియా ముఖం అన్నీ ఆ వెలుగులో పడ్డాయి.

"పొగమంచు విడవకముందు షెడ్డులో ఇలాగే ఉండేది," అంది ఆమె.

"రొట్టె వాసన కూడా," అన్నాడు అతను.

"ప్లాస్టిక్ వాసన!"

టీ రెండోసారి కాచారు. అల్లుడు మధ్యలో రెండుసార్లు ఫోన్ చూసుకున్నాడు. కబుర్లు పూర్తి కాకముందే, ఎనిమిది వేలలో మూడు వేలైనా నిండకముందే, బల్బు మెల్లగా మూలగడం మొదలుపెట్టింది. తెలుపు పోయి పచ్చసొన రంగు దిగింది. ఫ్రేసియా నోరు తెరవబోయింది. అంతకుముందే నిబాల్డో వేలు తీగని లాగేసింది.

"అదేంటండీ, ఇంకా వెలుగుతోంది కదా, ఎందుకు తీసేశారు?" అన్నాడు అల్లుడు.

నిబాల్డో అప్పటికే గోటితో వెండి లేబుల్ అంచు వెతుకుతున్నాడు. ఫ్రేసియా రొట్టె విరిచి సగం అతని ముందు పెట్టింది.